వదిలిన మాట అందుకుని

వీధి మలుపు తిరగ్గానే ముందు బురద వాసన వచ్చింది. చెల్లి ఇల్లు ఆ తర్వాతే కనబడింది.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మీద పడింది. కృష్ణ కూడా మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. బెజవాడకి రెండు వైపులా నీళ్ళే. చెల్లి వాళ్ళు పైవాటాలో అయిదు రోజులున్నారు. డ్రోను తెచ్చిపడేసిన పొట్లాలు తిన్నారు, పడవలో వచ్చిన పాలు తాగారు. నీళ్ళు తీసి, ఫైరింజన్లు వచ్చి వీధులు కడిగి వెళ్ళాక గానీ నేను గుంటూరు నుంచి బయల్దేరలేకపోయాను.

చెల్లి వాకిట్లో గొంతుక్కూర్చుని కత్తిపీట మొద్దువైపుతో గడప మీద బురద గీకుతోంది. నన్ను చూసి "వచ్చావా అక్కా" అంది, అంతే. దాని కుట్టుమిషన్లు రెండూ వాకిట్లో బోర్లించి ఉన్నాయి. పక్కింటావిడ చెప్పింది, నీళ్ళు వచ్చిన రోజు నుంచీ అది ఎవరితోనూ సరిగ్గా మాట్లాడట్లేదనీ, చినుకు పడితే లేచి కూర్చుంటోందనీ.

ఆ వాసన నాకు కొత్త కాదు. ఎనిమిదేళ్ళప్పుడు నాన్న చొక్కాకి చూశాను. ఉప్పూ కుళ్ళిన గడ్డీ కిరోసినూ కలిసినట్టుండేది. ఇక్కడ ఉప్పు లేదు. మిగతాదంతా అదే.

అమ్మ ఇనప ట్రంకుపెట్టె వెనక గదిలో మంచం కింద ఉండిపోయింది. అమ్మ పోయాక ఆ పెట్టె తెరవడానికి మా ఇద్దరికీ మనసొప్పలేదు. తీరిగ్గా కూర్చుని చూద్దాంలే అనుకుంటూ ఏళ్ళు గడిపేశాం. ఇప్పుడు తుప్పు పట్టిన గొళ్ళేన్ని సుత్తితో కొట్టాల్సి వచ్చింది. పైన పట్టుచీరలు రంగు దిగి ఒకదానికొకటి అంటుకుపోయాయి. వాటి అడుగున గోధుమరంగు అట్ట ఉన్న పొడుగు నోటుబుక్కు.

పాటల పుస్తకం.

*

మా చిన్నతనం సత్యనారాయణపురంలో. ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డు అని పిలిచేచోట అప్పుడు రైలు పట్టాలుండేవి. గుడివాడ వైపు వెళ్ళే బండి ఇళ్ళ మధ్యలోంచే పోయేది. బండి వస్తుంటే ముందు గూట్లో గ్లాసులు సన్నగా మోగేవి, తర్వాత కిటికీ ఊచలు, ఆ తర్వాత కూత. ఆ వరసని బట్టి బండి ఎంత దూరంలో ఉందో చెప్పేసేవాళ్ళం.

నాలుగు వాటాల లోగిలి. మధ్యలో బావి. తెల్లారగట్ట గిలక కిర్రుమంటే ఎవరు తోడుతున్నారో పక్క మీద నుంచే తెలిసేది. ఆగి ఆగి లాగితే మూడో వాటా మామ్మగారు. ఒక్క ఊపులో వచ్చేస్తే మా అమ్మ. ఆరింటికి అందరిళ్ళలో ఒకటే రేడియో, విజయవాడ కేంద్రం. ఒకే భక్తిపాట నాలుగు వాటాల్లోంచి వినబడేది. లోగిలి దాటేలోపు పాట తెగేది కాదు.

అమ్మ ఎప్పుడూ పాడుతూనే ఉండేది. తోడేటప్పుడొకటి, రుబ్బేటప్పుడొకటి, అట్లతద్దికి ఉయ్యాల దగ్గరొకటి. అది పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆస్తి. అమ్మ పుట్టిల్లు దివిసీమ, నాగాయలంక దాటి సముద్రం వైపు. మేం వెళ్ళాలంటే ఉయ్యూరు, పామర్రు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా బస్సు. పులిగడ్డ అక్విడక్టు ఎక్కగానే అమ్మ మొహం మారిపోయేది. అక్కడి నుంచి ఆవిడ మా అమ్మ కాదు, వాళ్ళమ్మకి కూతురు.

1977 కార్తీకమాసంలో వనభోజనాలకి వెళ్ళాల్సింది. బట్టలు సర్దుకున్నాక నాకు ఆటలమ్మ పోసింది. ఆగిపోయాం.

నవంబర్ 19, శనివారం. మాకు బెజవాడలో వచ్చింది గాలీ వానే. మామ్మగారి పెంకులు నాలుగు ఎగిరిపోయాయి, వేపకొమ్మ బావిలో పడింది. అదే మాకు పెద్ద భయం. అక్కడ అదే సాయంత్రం ఉప్పెన వచ్చిందని, ఊళ్ళకి ఊళ్ళు లేవని తెలియడానికి మాకు రెండు రోజులు పట్టింది. కోతకొచ్చిన సార్వా చేలల్లో మనుషులూ గొడ్లూ కలిసి పడున్నారని లారీవాళ్ళు చెప్పుకున్నారు. సర్కారు లెక్కలోనే పదివేల పైచిలుకు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి చందాలడిగిన రోజులవి. మా బడిలో కూడా బట్టలూ బియ్యమూ పోగుచేశారు. నేను నా పరికిణీ ఒకటి ఇచ్చాను. అమ్మమ్మ ఊరికే పంపిస్తున్నారని నమ్మాను.

నాన్న రైల్వేలో సెలవు పెట్టి వెళ్ళి, వారం తర్వాత వచ్చాడు. అమ్మమ్మ, చిన్నమావయ్య, అత్తయ్య, ముగ్గురూ లేరు. ఇంటి చోటు కూడా కనబడలేదట. గట్లు చెరిగిపోయాయి, ఎవరి పొలం ఎక్కడో కొలతలేస్తే తప్ప తెలియదు. గోనెసంచిలో ఒక పొత్రం తెచ్చాడు. రోలు బురదలో దిగబడి రాలేదట. అమ్మ ఆ పొత్రాన్ని కడిగి, పసుపు రాసి, దేవుడి గూడు కింద పెట్టింది. నాన్న చొక్కాని మూడు సార్లు ఉతికింది. వాసన పోలేదు. కాగు కింద పెట్టి తగలబెట్టేసింది.

ఆ రోజు నుంచి అమ్మ పాడటం మానేసింది. చెల్లి అప్పుడు నెలల పిల్ల. దానికి జోలపాట లేదు. ఉయ్యాల ఊపేది, అంతే. చీర ఉయ్యాల కొక్కెం చప్పుడొక్కటే. అమ్మమ్మ మాట ఎవరైనా ఎత్తితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. "ఏడిస్తే పోతుందే అమ్మాయ్, లోపల పెట్టుకోకు" అనేది మామ్మగారు. అమ్మ ఏడవనూ లేదు.

*

మరుసటేడు వేసవిలో రోడ్డువైపు చిన్నగదిలోకి ఒకాయన అద్దెకొచ్చాడు. గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటరు. పాతికేళ్ళు దాటి రెండు మూడేళ్ళుంటాయేమో. సామానంటే చాప, ట్రంకు, కూజా. ఆయనదీ దివే అని నాన్న కనుక్కొచ్చాడు. భార్య, రెండున్నరేళ్ళ కూతురు పోయారు. తను బతకడానికి కారణం కేలెండర్లు. నవంబరంటే ప్రెస్సుల్లో కేలెండర్లు, డైరీల పని. బందరులో రాత్రి డ్యూటీ ఉందని ఆ శనివారం ఊరికి వెళ్ళలేదు.

నా ఆటలమ్మ, ఆయన కేలెండర్లు. అమ్మా ఆయనా ఈ రెండిటినీ ఎప్పుడూ పక్కపక్కన పెట్టి మాట్లాడుకోలేదు. అయినా ఒకరి సంగతి ఒకరికి తెలుసు.

మాకు ఆయన బాబాయిగారు. సెలవుల్లో నాన్నకి క్యారేజీ ఇచ్చి వస్తూ ప్రెస్సు గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. ఏటవాలు కేసుల్లో వందల గడులు. అచ్చులకో వరస, గుణింతాలకో వరస, వత్తులకి విడిగా. ఎడమచేతిలో అక్షరాలు పేర్చుకునే స్టిక్కు, కుడిచెయ్యి మాత్రం పిచ్చుకలా గడుల మీద వాలి లేచేది. కేసు వైపు చూసేవాడే కాదు. అక్షరాలన్నీ తిరగేసి ఉండేవి, ఆయన వాటిని గబగబా చదివేసేవాడు. వెనకాల ట్రెడిల్ మిషను టకడబ్, టకడబ్ అని ఒకటే దరువు. అచ్చయ్యాక టైపుని కిరోసినుతో కడిగి, ఏ అక్షరాన్ని ఆ గడిలో వేసేవాడు. "పని అయిపోయాక ఎవరింటికి వాళ్ళు పోవాలిగా పాపా" అన్నాడొకసారి. నాకప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆగిపోతోంది.

*

ఒక రాత్రి కరెంటు పోయింది. ఉక్కపోత. అందరం అరుగుల మీదికి చేరాం. అమ్మ మాత్రం లోపల, గుమ్మానికి ఇవతల, చెల్లిని కాళ్ళ మీద వేసుకుని కూర్చుంది. గుడివాడ బండి వెళ్ళింది. ఆ చప్పుడు తగ్గి దూరమవుతుండగా బాబాయిగారు దాని లయ మీదే ఏదో గొణుగుతున్నాడు. చీకట్లో వేళ్ళు కదులుతున్నాయి, గాలిలోంచి అక్షరాలు ఏరుతున్నట్టు.

"రేవు కాడ పడవేది, పడవలోన తెడ్డు ఏది..."

అక్కడ ఆగిపోయాడు. మళ్ళీ అదే. మళ్ళీ అక్కడే ఆగాడు. నాలుగోసారి ఆగినప్పుడు లోపలి నుంచి అమ్మ గొంతు.

"తెడ్డు పట్టిన చేతికి తాయెత్తు ఏది."

అది చిన్నమావయ్య తాయెత్తు. అమ్మే కట్టింది, చిన్నప్పుడు.

ఎవ్వరూ మాట్లాడలేదు. కాసేపటికి ఆయన "తాయెత్తు" అనే మాట అందుకుని ఇంకో చరణం కట్టాడు. చివరి మాట పట్టుకుని అమ్మ మళ్ళీ. కరెంటు వచ్చేసరికి నాలుగు చరణాలయ్యాయి. దీపం వెలగ్గానే అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి మాత్రం చెల్లి ఉయ్యాల దగ్గర కూనిరాగం వినబడింది.

మర్నాడు పొద్దున్న అమ్మ గ్లాసు నా చేతికిచ్చి, "మావయ్యకి కాఫీ ఇచ్చిరా" అంది. నేను అలాగే నిలబడిపోయాను. ఏ మావయ్య? అమ్మ కళ్ళతో రోడ్డువైపు గది చూపించింది.

*

అలా మొదలైంది. గొలుసుపాట. ఒకరు వదిలిన మాట ఇంకొకరు అందుకోవాలి. వేరే నియమాలేవీ ఎవరూ పెట్టలేదు. కానీ ఒకటి దానంతటదే పడింది. పోయారు, చచ్చిపోయారు, శవం, ఉప్పెన, ఈ మాటలు పాటలో రాకూడదు. ఉన్నవాటి గురించే అడగాలి. దీపం గూడు, దూడ పలుపు, చింతకాయ తొక్కు జాడీ, నులకమంచం. ఇల్లంతా ఒక్కొక్క వస్తువుగా తిరిగొచ్చింది. అమ్మమ్మ ఇంటి పెరట్లో ఏం ఉండేవో నాకు ఈనాటికీ గుర్తుందంటే ఆ పాట వల్లే.

లోగిలిలో గుసగుసలు రాకపోలేదు. పరాయి మగాడితో ఆడమనిషికి పాటలేమిటని. నాన్న ఏమీ అనలేదు. తన కుర్చీ తెచ్చి అరుగు మీద వేసుకుని, దాని చేతి మీద దరువేస్తూ కూర్చున్నాడు. వారం తిరిగేసరికి అందరూ వినేట్టు "ఏం బావమరదీ, ఇవాళ కొత్తదేమన్నా కట్టావా" అని పిలవడం మొదలెట్టాడు. గుసగుసలు ఆగిపోయాయి. నాన్న జీవితంలో పాటకి చేసిన సేవ అది ఒక్కటే. చాలా పెద్దది.

కట్టినవి కట్టినట్టు నోటుబుక్కులో ఎక్కించేవాళ్ళు. మావయ్య ఫౌంటెన్ పెన్నుతో, నీలం బ్రిల్ ఇంకుతో, అచ్చు గుద్దినట్టు రాసేవాడు. అమ్మ నాన్న జేబులోంచి తీసిన పెన్సిల్‌తో. అయిదో తరగతి దాకా చదివిన దస్తూరీ, వత్తులు పక్కకి జారిపోతూ.

ఆదివారాలు జనం రావడం మొదలైంది. పని వెతుక్కుంటూ బెజవాడ చేరిన దివివాళ్ళు చాలామంది ఉండేవాళ్ళు. కృష్ణలంక నుంచి ఎండుచేపలమ్మే ఆవిడ, రిక్షా తొక్కే ఇద్దరన్నదమ్ములు, ఆసుపత్రిలో ఆయా. వాళ్ళూ తలో వస్తువూ తెచ్చేవాళ్ళు పాటలోకి. చేపలావిడ మూడు వారాలు ఊరికే కూర్చుని వింది. నాలుగో వారం "వల" అన్న మాట దగ్గర "వల అల్లిన వేళ్ళు ఏవి" అని అందుకుంది. ఆపైన ఆవిడని ఆపడం ఎవరి తరం కాలేదు. పాడుతున్నంతసేపూ ఏడవలేదు. అయిపోయాక మంచినీళ్ళు తాగి, గంప ఎత్తుకుని, "వచ్చే ఆదివారం వత్తానమ్మా" అని వెళ్ళింది.

అమ్మని నేను పెద్దయ్యాక అడిగాను, ఎలా పాడగలిగేవాళ్ళమ్మా అని. "మాట్లాడదామంటే గొంతు పట్టేసేదే. పాటలో అయితే నీ మాట అయిపోగానే అవతలవాళ్ళు అందుకుంటారు. ఒక్కదానివే మొయ్యక్కర్లేదు" అంది.

*

ఒక్క చరణం సంగతి చెప్పాలి.

అమ్మ ఒక సాయంత్రం "గింజ చల్లిన వాకిట్లో గజ్జెలు ఏవి" అంది. అనేశాక నాలిక్కరుచుకుంది. మావయ్య లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. మూడు రోజులు అరుగు మీదికి రాలేదు. అమ్మ అన్నం ముద్ద మింగలేకపోయింది. "పాడుమాట అనేశాను, పిల్లతండ్రి దగ్గర" అని నాన్నతో పదిసార్లు అంది.

నాలుగో రోజు పొద్దున్న మా గుమ్మం పక్కన చిన్న కాగితం పొట్లం. విప్పితే సీసపు అక్షరాల వరస ఒకటి, దారంతో బిగించి కట్టి ఉంది. తిరగేసిన అక్షరాలు. అమ్మకి చదవడం రాలేదు. నాన్న గడ్డం గీసుకునే అద్దం తెచ్చి దాని ముందు పట్టుకుంది. చాలాసేపు చూసింది. నేను వెనకనుంచి తొంగి చూడబోతే అద్దం ఒళ్ళో బోర్లించేసింది.

ఆ చరణాన్ని అమ్మ ఎప్పుడూ పైకి పాడలేదు. అక్కడికి వచ్చేసరికి పెదాలు కదిలేవి, గొంతు వచ్చేది కాదు. మావయ్య తల దించుకునేవాడు. ఆ వెంటనే అమ్మ తన తర్వాతి చరణం ఎత్తుకునేది. తర్వాత ప్రెస్సు యజమాని మిగులు కాగితం ఇస్తే ఎనిమిది పేజీల చిన్న పుస్తకం అచ్చువేశారు, గులాబీరంగు అట్టతో. అందులో ఆ చరణం ఉండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేశాడు మావయ్య. పెద్దయ్యాక నోటుబుక్కులో చదువుకుందాంలే అనుకున్నాను నేను.

ఆ పుస్తకాలు చేతిసంచిలో వేసుకుని సంవత్సరీకాలకి దివి వెళ్ళాం. పులిగడ్డ దగ్గర బస్సంతా నిశ్శబ్దమైపోయింది. పొలాలు ఉప్పు తేలి తెల్లగా ఉన్నాయి. చదువురాని ముసలాయన ఒకడు పుస్తకం తీసుకుని, వాసన చూసి, పంచె మడతలో దోపుకున్నాడు. "మా ఇల్లుందా ఇందులో" అని అడిగాడు. అమ్మ "ఉంది బాబాయ్, మీ నులకమంచం ఉంది" అని అక్కడే, ఎండలో నిలబడి, పాడి వినిపించింది.

*

ఆపైన కాలం మామూలుగానే నడిచింది. మావయ్య మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, పెద్దపీట మీద అక్కగా కూర్చుంది మా అమ్మే. ఆఫ్‌సెట్టు వచ్చింది, తర్వాత కంప్యూటర్లు. కేసులు కేసులు సీసం తూకానికి పోయింది. పట్టాలు పీకేశారు. లోగిలి పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టారు. మావయ్య ముందు, నాన్న తర్వాత, చివరికి అమ్మ. గులాబీరంగు పుస్తకం ఒక్కటీ మిగల్లేదు. పొత్రం మా ఇంట్లో ఉంది.

*

చెల్లి వాకిట్లో ఎండలో నోటుబుక్కు విప్పాను. కాగితాలు అట్టకట్టుకుపోయాయి. చాకు మొనతో ఒక్కొక్కటే విడదీశాను. నీలం ఇంకు మొత్తం కడుక్కుపోయింది. పేజీల నిండా లేత నీలం మరకలు, వాటి మధ్య ఒకటి విడిచి ఒకటి అమ్మ పెన్సిల్ వరసలు. పెన్సిల్ చెక్కుచెదరలేదు.

మావయ్య చరణాలన్నీ పోయాయి. ఆ చరణం కూడా. అక్కడ నీలం మచ్చ మిగతావాటికన్నా పెద్దదిగా ఉంది. ఎన్నో ఏళ్ళు చేతి దూరంలో ఉన్నదాన్ని చదువుకోలేదు. ఆ బాధ నాకు ఎప్పటికీ ఉంటుంది.

కానీ అది గొలుసుపాట. పోయిన ప్రతి చరణానికీ మొదటి మాట పైనున్న అమ్మ చరణంలో ఉంది, చివరి మాట కిందున్న దానిలో ఉంది. చెల్లికి వినబడేట్టు చదివాను.

"గింజ చల్లిన వాకిట్లో గజ్జెలు ఏవి." మరక. "గడపకేమో పసుపుంది, పాదం ఏది."

గజ్జెలతో మొదలై గడపతో ఆగాలి. నాకు ఏమీ తోచలేదు. రెండోసారి చదివాను. చెల్లి గీకడం ఆపింది. చేతిలో కత్తిపీట అలాగే ఉంది. బురద కింద నుంచి గడప పసుపు అప్పుడప్పుడే బయటపడుతోంది. జోలపాట లేకుండా పెరిగిందనుకున్న పిల్ల, మేం ఎవరం నేర్పని ఆ వరసని సరిగ్గా పట్టుకుని, మెల్లగా అంది.

"గజ్జెకాళ్ళు తట్టుకునే గడప ఏది."

మావయ్య రాసింది అదే అయ్యుంటుందని నేను అనను. పక్కింట్లోంచి పెన్సిల్ అడిగి తెచ్చి, నీలం మరక మీద రాశాను. కాగితం ఇంకా తడిగానే ఉంది, రెండు చోట్ల చిరిగింది.

చెల్లి చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది.

"తర్వాతదేంటక్కా?"

"పాదం."